నాయన వీపు వెనక యుద్ధం

మా అన్న రామాంజి రాయదుర్గంలో జీన్సు ప్యాంట్లు కుడతాడు. యూనిట్లో కుట్టింది చాలదన్నట్టు ఇంట్లో కూడా ఒక మిషను వేసుకుని ఆదివారం పూట దాని ముందే కూర్చుంటాడు. పోయిన నెల వాళ్లింటికి వెళ్లినప్పుడు గదంతా నీలం పీచు తేలుతోంది. వదిన ఇచ్చిన కాఫీలో పడితే వేలితో తీసేసి తాగుతున్నాను. వాళ్ల పిల్లవాడు గోడకు ఆనుకుని సెల్లులో జపాను బొమ్మల యుద్ధం చూస్తున్నాడు. తొంగి చూశాను. మా చిన్నతనంలో టీవీలో తెలుగు మాటలతో వచ్చిన బొమ్మలే అవి. అదే మంచు కొండ, అదే తెల్లగడ్డం గురువు, అదే ఇనప ముసుగు రాక్షసుడు, వాడి చేతిలో దెబ్బలు తినడానికే పుట్టినట్టుండే అదే ఎర్రజుట్టు పిల్లవాడు. కాకపోతే మా మేనల్లుడు దాన్ని రెట్టింపు వేగంలో పెట్టాడు. మాటలు పిచ్చుకల గోలలా వినబడుతున్నాయి. రాక్షసుడు పిడికిలి ఎత్తడం, అది పిల్లవాడి దవడకు తగలడం, వాడు కొండ మీది నుంచి దొర్లి పడటం, అన్నీ నేను ఒక గుక్క కాఫీ మింగే లోపల అయిపోయాయి.

"ఇంత బిరీన పోతే ఏం తెలుస్తాదిరా?" అని అడిగాను.

"నీకు తెలీదత్తా. ఒక గుద్దు గుద్దేదానికి వీళ్లు నెల తీసుకుంటారు. ముందు ఆ గుద్దు పేరు చెప్తారు, మళ్ల చిన్నప్పటి కత గుర్తు చేసుకుంటారు, మళ్ల గాలి వస్తాది. అంతసేపు ఎవరు చూస్తారు?" అన్నాడు వాడు, తల ఎత్తకుండానే.

మేం చూశాం. ఆ గాలి ఇంకా కాసేపు వీయాలని దేవుళ్లకు మొక్కుకుని మరీ చూశాం. ఆ మాట వాడితో అనలేదు. గది మూలలో చాప మీద మా నాయన కూర్చుని ఉన్నాడు. చూపు దాదాపు పోయింది, పట్టు పోగులు చూసి చూసి ఆ కళ్లు అరిగిపోయాయి. పిచ్చుకల గోల వచ్చే వైపుకు ఆయన తల తిప్పడం అన్న కూడా గమనించాడు. మిషను ఆపి, "రేయ్, మామూలుగా పెట్టు" అన్నాడు. "బోరు నాన్నా" అన్నాడు పిల్లవాడు. "పెట్టమంటి గదా" అన్నాడు అన్న. కొడుకు జవాబు వినడానికి కుడిచెవి ఇటు తిప్పాడు. ఎడమచెవి వినబడదు. ఆ చెవి ఎట్లా పోయిందో చెప్పాలంటే ధర్మవరం పోవాలి.

ధర్మవరంలో మా ఇంటి ముందుగది మొత్తం మగ్గాలదే. కిటికీ వెలుతురు పడేచోట నాయన మగ్గం, ఆయన వీపు వెనక, వీపుకు వీపు ఆనించినట్టు, అన్న మగ్గం. రెండూ గుంత మగ్గాలు, అంటే నేలలో తవ్విన గుంతలో కాళ్లు దింపుకుని కూర్చుని నేసేవి. మనుషులం మిగిలిన చోట సర్దుకునేవాళ్లం. పొద్దున కళ్లు తెరిచేసరికి పట్టు దారంలో మిగిలిపోయిన పురుగు వాసన, దానికి తోడు అమ్మ రోట్లో నూరే చెనిక్కాయల ఊరుబిండి పచ్చడి వాసన. ఆ రెండూ కలిసి నా జుట్టులో ఇంకిపోయాయని బళ్లో నా పక్కన కూర్చునే పిల్ల ముక్కు మూసుకునేది. పదో తరగతితో నా బడి ఆగిపోయి ఆ ముక్కుకు విశ్రాంతి దొరికింది. ఆ తర్వాత రాట్నం ముందు కూర్చుని కండెలకు దారం చుట్టడం నా పని. అన్న బడి ఇంకా ముందే ఆగింది. మీసం మొలవకముందే వాణ్ని గుంతలోకి దించారు.

నాయన పేరు చౌడప్ప. పొద్దున్నే స్నానం చేసి, నుదుట విభూతి పెట్టుకుని, మగ్గానికి చెయ్యి తాకించి కళ్లకద్దుకుని గుంతలోకి దిగేవాడు. బుగ్గన ఆకువక్క పెట్టుకున్నాడంటే ఇక మధ్యాహ్నం దాకా మాట ఉండేది కాదు. ఆయన చెవి లాంటి చెవిని నేను మళ్లీ ఎవరికీ చూడలేదు. వెనక మగ్గం చప్పుడులో చిన్న తేడా వస్తే పోగు తెగిందని అన్న కంటే ముందు ఆయనకే తెలిసేది. తెలిసిన మరుక్షణం నాడె వచ్చేది. నాడె అంటే దారం కండెను కడుపులో పెట్టుకుని మగ్గంలో అటూ ఇటూ పరిగెత్తే కొయ్య, రెండు కొనలకూ ఇనుము ఉంటుంది. గుంతలో ఉన్న మనిషి లేచి వచ్చి కొట్టాలంటే కాళ్లు పైకి తీసుకోవాలి, నేస్తున్న చీరకు తగలకుండా పక్కకు తప్పుకోవాలి, అంత తీరిక నాయన కోపానికి లేదు. అందుకని గుంత పక్కన అరిగిపోయిన పాత నాడె ఒకటి విసరడానికే పెట్టుకునేవాడు. పనిలో ఉన్న నాడె విసిరితే కొన దెబ్బతిని పట్టు చీరుకుపోతుందని ఆయన జాగ్రత్త. వెనక్కి తిరిగి చూసేవాడు కాదు. చప్పుడును బట్టి భుజం మీదుగా విసిరేవాడు. అది అన్న వీపుకో, మెడకో, మోచేతికో తగిలేది. తగిలించుకున్నవాడే దాన్ని ఏరుకుని తెచ్చి మళ్లీ గుంత పక్కన, కొన కిటికీ వైపు ఉండేట్టు, దాని చోట దాన్ని పెట్టాలి. మా ఇంట్లో అది మర్యాద.

నా మీద ఆయన ఏనాడూ చెయ్యెత్తలేదు. ఆడపిల్లను కొడితే మా ఇలవేల్పు చౌడమ్మ తల్లి ఒప్పుకోదని ఆయన నమ్మకం. అమ్మ ఆ లెక్కలోకి ఎందుకు రాలేదో ఆయన్ని అడిగినవాళ్లు లేరు.

టీవీ అన్న మగ్గం పక్క గోడ గూట్లో ఉండేది. దాని వెలుగు నేసే గుడ్డ మీద పడకూడదని నాయనే అక్కడ పెట్టించాడు. కాబట్టి ఆయన టీవీని విన్నాడే గానీ చూడలేదు. పాటలు విన్నాడు, వార్తలు విన్నాడు. సాయంత్రం బొమ్మల యుద్ధం మొదలైతే మాత్రం కట్టేయమని అరిచేవాడు. మేం చప్పుడు తగ్గించి చూసేవాళ్లం. ఒకరోజు అరవలేదు. మగ్గం ఆపి, "ఎవరే ఆ పాప? యాటికి దాన్ని అట్ల కొడతాండారు?" అని అడిగాడు. మాకు ముందు అర్థం కాలేదు. ఆ ఎర్రజుట్టు పిల్లవాడికి మాటలు చెప్పింది ఎవరో ఆడమనిషి. బొమ్మల్లో మగపిల్లలకు ఆడవాళ్లే గొంతు ఇస్తారని తెరను చూసేవాళ్లు పట్టించుకోరు, వీపు తిప్పి వినేవాడికి అది ఆడపిల్ల ఏడుపే. కొన్నాళ్ల పాటు ఆ పాప కోసం నాయన పళ్లు కొరుకుతూ నేశాడు. "దానికి అమ్మానాయనా ల్యారా? ఊర్లో పెద్దమనుషులు ల్యారా?" అని గొణిగేవాడు. చివరికి అమ్మ నవ్వు ఆపుకోలేక, "పాప కాదు, మొగపిల్లోడు" అని చెప్పింది. "మొగపిల్లోడా? అయితే సరేపో" అని నాయన మగ్గం తొక్కాడు. నవ్వొచ్చే మాటే. అన్న నవ్వలేదు.

ఆ యుద్ధం ఎట్లా సాగేదో చూడనివాళ్లకు చెప్పాలి. రాక్షసుడు పిడికిలి ఎత్తుతాడు. ఎత్తాక కొట్టాలి గదా, కొట్టడు. ఆ గుద్దు పేరు చెబుతాడు. దాన్ని ఎక్కడ నేర్చుకున్నాడో, దానితో ఎవరెవర్ని చంపాడో చెబుతాడు. పక్కన నిలబడినవాళ్లు ఒకరి తర్వాత ఒకరు గుటకలు మింగుతారు. పిల్లవాడికి కాలిపోయిన ఊరు గుర్తొస్తుంది, వాళ్లమ్మ పోసిన గంజి గుర్తొస్తుంది. గడ్డి ఊగుతుంది. అంతలో పాట వచ్చేస్తుంది, రేపు చూడమంటారు. రేపు చూస్తే సగం నిన్నటిదే. వీధిలో పిల్లలు తిట్టుకునేవాళ్లు. "వీడు కొట్టేలోపల మా నాయన చీర నేసి కోసేస్తాడప్పా" అనేవాడు ఎదురింటి శీనుగాడు. నాకు మాత్రం అది వింతగా ఉండేది. మా ఇంట్లో దెబ్బకు పేరు ఉండేది కాదు. నాడె గాలిలో ఉన్నప్పుడు ఎవరికీ ఏదీ గుర్తొచ్చే సందు దొరకదు. చప్పుడు విన్నాకే అది వచ్చిందని తెలిసేది.

ఇట్లా ఉండగా ఒకరోజు సంగటి తింటూ నాయన తనంతట తానే మాట తీశాడు. "ఆ అయివారు మంచోడే" అన్నాడు. మా వైపు పంతుల్ని అయివారంటారు.

"ఏ అయివారు?" అంది అమ్మ.

"బొమ్మల్లో అయివారు. పిల్లోన్ని కొడతాడు సూడు, ఆయప్ప. కొట్టేటప్పుడు గొంతు ఇనుము మాదిరి ఉంటాది. కొట్టినాక కొండ మీదికి ఎత్తుకపోయి మందు పూస్తాడు. అప్పుడు అదే గొంతు వణుకుతాది. బుద్ధి రావల్లని కొట్టేది, పానం తట్టుకోలేక ఏడ్చేది. కన్నోని మాదిరి."

మేం ముగ్గురం ఒకరి మొహాలొకరం చూసుకున్నాం. తెర మీద కొట్టేవాడు ఇనప ముసుగు రాక్షసుడు, మందు పూసేవాడు తెల్లగడ్డం గురువు. ఇద్దరూ వేరు, పగవాళ్లు. కానీ ఇద్దరికీ మాటలు చెప్పింది ఒకే మనిషి. ఒకడికి గొంతు గరుకు చేసి, ఇంకొకడికి మెత్తన చేసి చెప్పేవాడు. అన్న ఈ సంగతి మొదటి రోజుల్లోనే పట్టేశాడు. వాడికి ఎవరి గొంతు విన్నా దాన్ని అచ్చం పలికే విద్య ఉండేది. నాయన లేనప్పుడు గురువులా, రాక్షసుడిలా, దగ్గే మా వీధి కిరాణా ఆయనలా మాట్లాడి అమ్మను నవ్వించేవాడు. మేం తెర చూసి ఇద్దరనుకున్నాం, నాయన గోడ చూస్తూ ఒకణ్నే విన్నాడు. నిజం చెప్పాలంటే ఆయన చెవి తప్పు వినలేదు.

"నాయనా, వాళ్లు ఇద్ద..." అని అన్న మొదలుపెట్టాడు. అమ్మ వాడి కంచంలో సంగటి ముద్ద దభీమని వేసి, "గమ్మున తిను" అంది. అప్పుడు అమ్మ వాడి వైపు చూసిన చూపు నేనెన్నడూ మరువను. నాయన చెయ్యి కడుక్కుంటూ, "పిల్లోడు తిరగబడతాడంటావా?" అని అడిగాడు. ఎవరినీ చూసి అడగలేదు.

ఆ తర్వాత రెండు మూడు రోజులకు అన్న మగ్గంలో పోగు తెగింది. నాడె వచ్చి వాడి రెక్క మీద పడింది. వాడు దాన్ని ఏరుకుని పెట్టాడు. అప్పుడు నాయన వెనక్కి తిరగకుండానే, "ఏమే, వానికి రోంత పసుపు నూనె పూయి" అన్నాడు. నా రాట్నం ఆగిపోయింది. దెబ్బకు మందు పెట్టమని ఆయన నోట రావడం అదే మొదలు. ఆ మరుసటి సారి నాడె చేతిలోకి తీసుకుని చాలాసేపు పట్టుకుని కూర్చున్నాడు. టీవీలో పిడికిలి గాలిలో ఉంది, ఇక్కడ నాయన చేతిలో నాడె ఉంది. పాట వచ్చేసింది. నాయన నాడెను కింద పెట్టాడు. అయివారు ఏం చేస్తాడో తెలియకుండా తాను ముందు చేయడం బాగుండదని ఆయన మనసులో ఏదో పడినట్టుంది.

అమ్మ ఆ రోజే పాత చీర ఒకటి రెండు మగ్గాల మధ్య తాడు కట్టి వేలాడదీసింది. "గాలికి దుమ్ము ల్యాస్తాంది, నీ పట్టు మీద పడతాది" అంది. అది వానలు మొహం చాటేసిన ఏడు, చేలల్లోని ఎర్రమన్నంతా ఊళ్లోకే వచ్చేది, కాబట్టి నాయన నమ్మాడు. తెరకు అటు ఆయన, ఇటు టీవీ, అన్న, నేను. ఆయన లేచి ఇటు రాబోతే అమ్మ మజ్జిగ చెంబుతో అడ్డం వచ్చేది. చదువు రాని మా అమ్మ, మొగుడికి ఎదురు చెప్పి ఎరగని మనిషి, ఒక చీరముక్కతో కొడుకు వీపుకు కాపలా కాసింది.

ఇక ఆ యుద్ధం ఎంత సాగితే మాకు అంత పండగ. రాక్షసుడు పేరు చెప్పడం మొదలుపెడితే నేను సంతోషంతో రాట్నం గిరగిరా తిప్పేదాన్ని. పిల్లవాడికి ఊరు గుర్తొచ్చిందంటే వారం గడిచినట్టే. గుర్తొచ్చిన ఊళ్లో ఇంకెవరికో ఇంకేదో గుర్తొస్తే అమ్మ వంటింట్లోంచే దండం పెట్టేది. శీనుగాడు విసుగెత్తి చూడటం మానేశాడు. మేం మాత్రం ఆ బొమ్మలు గీసినవాళ్ల చేతులు చల్లగా ఉండాలని కోరుకున్నాం. అన్న వీపు మీది కమిలిన మచ్చలు నీలం పోయి పసుపు తిరిగాయి, పసుపు కూడా పోయింది. ఒక ఆదివారం తలకు పోస్తూ ఆ శుభ్రమైన వీపు చూసి అమ్మ చెంబు కింద పెట్టి ఏడ్చింది. ఆ రోజుల్లో అన్న ఎంత బాగా నేశాడో! దెబ్బ భయం లేకపోతే వాడి మగ్గం పాట పాడినట్టుండేది.

ఒక సాయంత్రం గురువు నోరు తెరిచాడు, వేరే గొంతు వచ్చింది. సన్నగా, కుర్రవాడి గొంతు. ఆ మాటలు చెప్పే పెద్దమనిషికి జబ్బు చేసిందో, ఒకడికి రెండు వేషాలు వద్దనుకున్నారో, మాకేం తెలుస్తుంది. రాక్షసుడికి మాత్రం పాత గొంతే ఉంచారు. తెర అవతల మగ్గం ఆగింది.

"ఈడెవడు? అయివారు యాడ?" అన్నాడు నాయన.

"జలుబు చేసినట్లుండాది" అంది అమ్మ.

"జలుబు చేస్తే గొంతు బొంగురు పోతాది గానీ పిల్లోని గొంతు వస్తాదా? కొట్టేటప్పుడు బాగనే ఉండాది గదా!"

మరుసటి రోజు మళ్లీ అదే సన్న గొంతు. పోగు కూడా తెగలేదు, ఊరికే నాడె వచ్చింది. తెరను తోసుకుని వచ్చి అన్న మోచేతికి తగిలింది. పసుపు నూనె మాట ఎత్తలేదు.

ఆ తర్వాతి సాయంత్రం అన్న తన మగ్గానికి ఏదో సవరింపు ఉందని చెప్పి గుంతలోంచి లేచి, రిమోటు పట్టుకుని టీవీ కింద గొంతుక్కూర్చున్నాడు. గురువు పెదవి కదలగానే చప్పుడు తగ్గించి, పాత గొంతుతో తానే మాట్లాడాడు. అసలు మాటలు వాడికి తెలియవు. పెదవులు కదిలినంతసేపు నోటికొచ్చింది పలికాడు. "గాయం మానిందా నాయనా? అన్నం తిన్నావా?" అన్నాడు. అచ్చం ఆయనే. నాయన మగ్గం కాసేపు ఆగి, మళ్లీ నిదానంగా సాగింది. "అయివారికి తగ్గినట్లుండాది" అన్నాడు. అట్లా కొన్నాళ్లు మా అన్న ఆ గురువును తన నోటితో బతికించాడు. నుదుటి చెమట కళ్లలోకి కారుతున్నా తుడుచుకునే సందు ఉండేది కాదు. రాక్షసుడి వంతు రాగానే చప్పుడు పెంచాలి, గురువు వంతు రాగానే తగ్గించాలి.

ఆ రోజు గురువూ రాక్షసుడూ ఎదురెదురుగా నిలబడ్డారు. గురువు ఏదో చాలా పెద్ద మాట చెబుతున్నాడు, పెదవులు ఆగడం లేదు. అన్న మొదట ఏవేవో చెప్పాడు. తర్వాత వాడి కళ్లు టీవీని వదిలేశాయి. వేలాడే చీర వైపు చూస్తూ ఆ గొంతుతోనే అన్నాడు. "నిన్ను కొట్టిన చెయ్యి ఇదే నాయనా. పోగు తెగితే ముడేసుకోవచ్చు, వీపు తెగితే యాడ ముడేసేది? తప్పు చేసినా. ఇంగ నీ మీద చెయ్యెత్తను." మంచు కొండ మీద గురువుకు పోగుల సంగతి ఎందుకని ఆ క్షణాన నాకూ తట్టలేదు. తెర అవతల మగ్గం ఆగిపోయింది. నాయన ముక్కుతో గాలి పీల్చడం వినబడింది. ఆయన ఏడుస్తున్నాడని ఈనాటికీ నా నమ్మకం. చేతిలో రిమోటు ఉందన్న సంగతే అన్న మరిచిపోయాడు. "ఎత్తను నాయనా, ఎత్తను" అని వాడు ఇంకా అంటూనే ఉన్నాడు, టీవీలో రాక్షసుడు పగలబడి నవ్వాడు. చప్పుడు తగ్గించి ఉన్నా, మగ్గాలు ఆగిన గదిలో అది వినబడింది. అదే గొంతు. ఒక మనిషి ఒకే సమయంలో ఏడుస్తూ మాట్లాడటం, పగలబడి నవ్వడం కుదరదు.

చీర తాడుతో సహా తెగి కింద పడింది. నాయన గుంతలోంచి ఎప్పుడు లేచాడో నాకు తెలియదు. తీరిక లేని ఆ మనిషికి ఆ రోజు తీరిక దొరికింది. ఆయన టీవీ వైపు చూశాడు. ఒక పక్క తెల్లగడ్డం, ఒక పక్క ఇనప ముసుగు. తర్వాత టీవీ కింద నోరు తెరుచుకుని కూర్చున్న కొడుకును చూశాడు. పేరు చెప్పలేదు, ఏదీ గుర్తు చేసుకోలేదు. పాత నాడె ఇనప కొన అన్న ఎడమచెవి మీద దిగింది. మళ్లీ దిగింది. "నాకే కతలు చెప్తావా, నన్నే నగుతారా ఇంట్లో అందరూ" అని ఒక్కో మాటకు ఒక్కో దెబ్బ. అమ్మ అడ్డం పడితే మోచేత్తో గోడకేసి కొట్టాడు. అన్న పాకుతూ తన మగ్గం మీదికి ఒరిగాడు, చెవిలోంచి రక్తం పడుగు పోగుల మీద కారింది, ఎవరి పెళ్లికో నేస్తున్న తెల్లటి పట్టు దాన్ని తాగింది. పట్టు మీద రక్తం పడితే ఆగిపోయే మనిషని అనుకున్నాను. ఆగలేదు.

అప్పుడు అన్న నాడెను పట్టుకున్నాడు. ఒక్కసారి లాగగానే అది వాడి చేతిలోకి వచ్చేసింది. లేచి నిలబడ్డాడు. నాయన కంటే వాడు పొడుగని మాకెవరికీ అంతవరకు తెలియదు, గుంతలో ఉన్నవాడి పొడుగు ఎవరు చూస్తారు? చెయ్యి ఎత్తాడు. నాయన రెండు చేతులూ తల మీద పెట్టుకుని, మోకాళ్ల మధ్యకు వంగి కూర్చుండిపోయాడు. "కొట్టన్నా! కొట్టు!" అని అరిచాను. ఆ మాట అన్నందుకు నేను సిగ్గుపడను, ఈ రోజైనా అదే అరుస్తాను. అన్న చెయ్యి గాలిలోనే ఉంది. మా ఇంట్లో నిదానంగా జరిగిన దెబ్బ అదొక్కటే. టీవీలో పాట వచ్చి పోయింది, సబ్బు ప్రకటన వచ్చింది. రక్తం వాడి మెడ మీదుగా చొక్కాలోకి పోతోంది. ఎంతసేపటికో వాడు నాలుగడుగులు వేసి, కిటికీ దగ్గర గుంత పక్కన, కొన కిటికీ వైపు ఉండేట్టు, దాని చోట దాన్ని పెట్టాడు. మరుసటి పొద్దున రాయదుర్గం బస్సెక్కాడు.

ఆ తర్వాత నాయన ఎవరి మీదా చెయ్యెత్తలేదు, అమ్మ మీద కూడా. మారాడని చుట్టాలు అన్నారు. భయపడ్డాడని నేను అంటాను. నాడె అక్కడే దుమ్ము పట్టి ఉండేది, అమ్మ దాని చుట్టూ ఊడ్చేది గానీ దాన్ని తాకేది కాదు. నేను ఊరు దాటి, ఏవో నాలుగు కాగితాలు రాసుకుని బతకడం నేర్చుకున్నాను. అమ్మ పోయాక, చూపు పోయిన నాయనను అన్నే వచ్చి తీసుకుపోయాడని తెలిసి ఫోనులో వాడితో గొడవపడ్డాను. "నీ చెవి పోగొట్టినోనికి అన్నం పెడతావా?" అంటే, "ఆ చెవి వైపు పండబెట్టుకుంటిలే పాపా, గురక వినపడదు" అని నవ్వాడు. నాకు నవ్వు రాలేదు. ఇప్పటికీ ఆ ఇంటికి వెళితే నాయనకు ఎదురుగా కూర్చోను.

మా మేనల్లుడి ఒంటి మీద ఈనాటి దాకా దెబ్బ పడలేదు, అన్న పడనివ్వలేదు. అందుకే వాడికి గుద్దు అంటే ఒట్టి బొమ్మ, ఆలస్యమంటే విసుగు. వాడి విసుగు చూస్తే నాకు అసూయగా ఉంటుంది, సంతోషంగా కూడా ఉంటుంది. ఆ ఆదివారం వాడు సణుక్కుంటూనే బొమ్మలను మామూలు వేగానికి తెచ్చాడు. ఈ మాటలు కొత్తగా చెప్పించినవి, గురువుకొక గొంతు, రాక్షసుడికొక గొంతు, ఎవరిది వారికే. రాక్షసుడు పిడికిలి ఎత్తి పేరు చెప్పడం మొదలుపెట్టాడు. గడ్డి ఊగింది.

మూలలోంచి నాయన గొంతు వచ్చింది. ఆకువక్క లేని బోసి నోటి గొంతు. "రేయ్, ఆ పిల్లోడు తిరిగి కొట్టినాడా?"

"ఏ పిల్లోడు తాతా?" అన్నాడు మేనల్లుడు.

అన్న మిషను మీది నుంచి కాలు తీశాడు. ప్యాంటు గుడ్డ మడిచి పక్కన పెట్టాడు. నాయన వైపు చూస్తూ, కోపం లేకుండా, తొందర లేకుండా చెప్పాడు.

"ఇంగా ల్యాదు నాయనా. ఎత్తిన చెయ్యి ఎత్తినట్లే ఉండాది."

నాయన రెండు చేతులూ తల మీద పెట్టుకుని మోకాళ్ల మధ్యకు వంగాడు. అన్న మళ్లీ మిషను తొక్కాడు.